పలుగు, పార, తట్ట: మేనకోడలికి ఒక లేఖ

మహబూబ్‌నగర్

బిడ్డా,

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. "మామా, పెండ్లికి ముందు నోటు పుస్తకాలు నింపేదాన్ని. ఇప్పుడు పొద్దున ల్యాబ్, సాయంత్రం పిల్లలు, రాత్రి వంటిల్లు. కవిత్వం రాసుడు తర్వాత సంగతి, చదవడానికే టైం దొరకడం లేదు" అన్నావు. కింద ఒక కవిత కూడా పెట్టావు. దీనికి ఫోన్‌లో జవాబు చెప్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే కాగితం తీసుకొని కూచున్నాను.

ముప్పై ఏండ్లు బస్సులో టికెట్లు కొట్టాను. ఆ ముప్పై ఏండ్లలో "ఈ రోజు కవిత్వానికి ఖాళీగా ఉన్నాను" అనుకున్న రోజు ఒక్కటీ లేదు. అయినా నాకు నోటికి వచ్చిన పద్యాలన్నీ, రాసుకున్నవన్నీ ఆ డ్యూటీలోనే వచ్చాయి. నువ్వు టైం కోసం వెతకకు. చేతిలో ఉన్న పనిలోనే దానికి ఇంత చోటు చూపించు. అది ఎట్లానో నాకు తెలిసినంత చెప్తాను.

మక్తల్ దిక్కు ఒక ఊరికి నాకు చాలాకాలం నైట్‌హాల్ట్ డ్యూటీ పడేది. రాత్రి తొమ్మిదింటికి బస్సు ఊళ్లో ఆగేది. టికెట్ల లెక్క రాసే ఎస్సార్ కాగితం నింపి, డబ్బులు లెక్క చూసుకొని, సద్ది మూట విప్పేసరికి ఎదురింటి అరుగు మీద ఒక ముసలాయన గొంగడి కప్పుకొని కూచొని ఉండేవాడు. కండ్లు మూసుకొని పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షం పద్యాలు ఒకదాని వెనక ఒకటి చదివేవాడు. ఆయనకు సంతకం రాదు, వేలిముద్రే. చిన్నప్పుడు భజనల్లో విని విని పట్టుకున్నాడట. "ఎవ్వనిచే జనించు" అని ఎత్తుకుంటే మా డ్రైవరు కూడా తినడం ఆపేవాడు. నేను పదో తరగతిలో ఆ పద్యాన్ని ప్రతిపదార్థంతో సహా బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది ఒక మనిషి పిలుపు అని ఆ అరుగు ముందు నిలబడ్డాకే తెలిసింది.

నాకు నేర్పమని అడిగితే ఆయన ఒక్కసారి ఒక్క పద్యమే చెప్పేవాడు. రెండోది అడిగితే చెప్పేవాడు కాదు. "దీన్ని నోట్లె ఏసుకొని పని చేసుకో. మళ్ల వచ్చినప్పుడు ఒప్పజెప్పు" అనేవాడు. తెల్లారి తొలి బస్సులో టికెట్లు ఇస్తూ దాన్ని లోపల్లోపల అనుకునేవాణ్ణి. మధ్యలో ఒక పాదం మరిచిపోతే, ఏదో ఒక స్టేజీ దగ్గర అదే గుర్తుకొచ్చేది. పుస్తకం తెరిచి చూసుకుంటే అంత గట్టిగా పట్టుకునేది కాదు.

నువ్వూ అట్లనే మొదలుపెట్టు. వారానికి ఒక్క పద్యం, ఎక్కువ వద్దు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి స్టవ్ వెనక గోడకు అంటించు. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు నాలుగుసార్లు చదవొచ్చు. కండ్లతో కాదు, నోటితో చదువు. పిల్లలు వింటారు, విననియ్యి. అర్థం తెలియని మాట ఉంటే మొదటి రోజే నిఘంటువు కోసం పరుగెత్తకు. రెండు మూడు రోజులు నోట్లో నానితే సగం అదే తెలుస్తుంది. మిగిలింది అప్పుడు చూసుకో.

వచన కవిత్వం అయితే ఇంకో పద్ధతి. ఒక చిన్న పుస్తకం తీసుకొని నెల రోజులు అదే చదువు. ఫోన్‌లో రోజుకు ఇరవై కవితలు పైకి కిందికి జరుపుకుంటూ పోతే ఒక్కటీ నిలబడదు. నీ సంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఒక పుస్తకం ఎప్పుడూ ఉండాలి. పుస్తకాలు కొనాల్సిన పని కూడా లేదు, మీ నల్లగొండకు గ్రంథాలయం కొత్తది కాదు. షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు 1918లోనే అక్కడ ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టారు, 1922లో అక్కడి నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు. నిజాం కాలంలో తెలుగులో ఒక పత్రిక నడపడం ఎంత కష్టమో ఆలోచించు. ఆ జిల్లాలోనే పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరు తిరిగి అమ్మారు. మనుషుల దగ్గరికి పుస్తకం నడిచి వచ్చిన జిల్లా అది. నువ్వు ఆదివారం ఒక అరగంట నడిచి గ్రంథాలయానికి పోలేవా? పిల్లలను కూడా తీసుకపో.

ఇక రాయడం గురించి. నువ్వు పంపిన కవిత "ఓ మానవత్వమా, నీవెక్కడ?" అని మొదలైంది. నువ్వు అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను, మనసు కష్టపెట్టుకోకు. ఆ మాట నీది కాదు. ఎవరైనా, ఎక్కడ కూచొనైనా రాయగలిగిన మాట అది. కానీ అదే మెసేజ్‌లో పైన, కవిత అనుకోకుండా నువ్వు ఒక సంగతి రాశావు. ల్యాబ్‌కు ఒక తాత వచ్చాడని, మూడు ట్యూబులకు రక్తం తీస్తుంటే మొహం అటు తిప్పుకొని "బిడ్డా, నాకింత ఉంచమ్మా" అన్నాడని. నువ్వు నవ్వావని, ఆయన నవ్వలేదని. ఆ నాలుగు వాక్యాలు చదివి నేను కండ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. బిడ్డా, నీ కవిత అది. కింద ఉన్నది కాదు.

దాన్ని ఎట్లా రాయాలని అడుగుతావు. ముందు ఆ తాత మాటను ఆయన అన్నట్టే పెట్టు, సరిచేయకు. తర్వాత నువ్వు చూసినవి రాయి: ఆయన చెయ్యి ఎట్లా ఉంది? నరం దొరికిందా, వెతకాల్సి వచ్చిందా? చొక్కా చేయి ఎవరు మడిచారు, ఆయనా, తోడు వచ్చినవాళ్లా? తోడు ఎవరైనా వచ్చారా అసలు? దూది ఒత్తి పట్టుకొమ్మంటే ఎంతసేపు పట్టుకున్నాడు? ఇవి నీకు తప్ప వేరే కవికి తెలియవు. "పేదరికం", "వృద్ధాప్యం", "మానవత్వం" అన్న మాటలు ఒక్కటి కూడా రానియ్యకు. చదివేవాళ్లు వాటిని తామే అనుకోవాలి.

రాసే పుస్తకం చిన్నదిగా, తెల్లకోటు జేబులో పట్టేటట్టు ఉండాలి. రోజుకు ఒక్క వాక్యం చాలు. కవిత కావాల్సిన పనిలేదు, విన్న మాట, చూసిన వస్తువు, తేదీ. మేం టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు ప్రయాణికులకు ఇవ్వాల్సిన చిల్లర బాకీని టికెట్ వెనక రాసిచ్చేవాళ్లం. ఆ అలవాటుతోనే నేను జనం పారేసిన టికెట్ల వెనక మాటలు రాసుకునేవాణ్ణి. ఒక టికెట్ మీద పట్టేది ఆరేడు మాటలు. అందులో పట్టని మాటలు చాలావరకు అక్కర లేనివేనని కొన్నేండ్లకు అర్థమైంది. ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఉన్నాయి. మీ అత్తమ్మ పాతసామాను అమ్మినప్పుడల్లా వాటిని తీసి పక్కన పెడుతుంది.

ఒక టికెట్ సంగతి చెప్తాను. కోస్గి రూట్లో ఒక ముసలమ్మ ఎక్కింది. నెత్తిన మూట. కొడుకు బొంబాయి పనికి పోతున్నాడట, వాడు బండెక్కేలోపు మహబూబ్‌నగర్‌లో అందియ్యాలట. మూటలో ఏముందో నేను అడగలేదు, జొన్నరొట్టెల వాసన వచ్చింది. కొంగు ముడి విప్పి, రూపాయి, అర్ధరూపాయి ఒక్కొక్కటీ ఎంచి నా చేతిలో పెట్టింది. ఆ బిళ్లలు తడిగా ఉన్నాయి. ఆ తడి నా చేతిలో నుంచి పోలేదు. వారం రోజులు తిప్పలు పడి ఆటవెలదిలో పెట్టాను:

మూట నెత్తికెత్తి ముసలమ్మ బస్సెక్కె
కొడుకు కోసమంటు కొంగు విప్పె
చిల్లరెంచి యెంచి చేతిలో పెట్టగా
తడిగ తగిలె నాకు తల్లి చెమట

మొదట చివరి పాదం ఇది కాదు. "స్వేదబిందువంటె చేతిలోన" అని రాశాను. గణాలు కుదిరాయి, యతి కుదిరింది, నాకు చాలా నచ్చింది కూడా. మీ అత్తమ్మకు చదివి వినిపిస్తే బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అడిగింది: "ఆమెకు పట్టింది చెమటనా, స్వేదమా?" ఆ ఒక్క మాటతో నా పాదం పడిపోయింది. పైగా 'చేతిలో' రెండుసార్లు వచ్చిందని అప్పుడు గమనించాను. ఇంకో పదిరోజులు పట్టింది 'తడిగ తగిలె' దొరకడానికి. నువ్వు రాసింది కూడా ముందు ఇంట్లో ఒకరికి చదివి వినిపించు, సాహిత్యం తెలిసినవాళ్లే కానక్కరలేదు. వాళ్ల ముందు చదవడానికి ఏ మాట దగ్గర నీ నోరు వెనకాడుతుందో, ఆ మాట కింద గీత గీయి.

ఛందస్సు అంటే నీకు బడి రోజుల నుంచి టెన్షన్ అని తెలుసు. గురువులు, లఘువులు, పట్టికలు అని భయపెట్టి నేర్పారు. నేను నేర్చుకున్న తీరు వేరు. నోటితో పలికినప్పుడు కొంచెం నిలిచే అక్షరం గురువు, టక్కున పోయేది లఘువు. దీర్ఘం ఉంటే నిలుస్తుంది, పక్కన సున్న ఉంటే నిలుస్తుంది, తర్వాతి అక్షరం ఒత్తక్షరం అయినా ముందుది నిలుస్తుంది. 'మూట' అను: మూ నిలిచింది, ట పోయింది. 'కొంగు', 'నెత్తి' కూడా అంతే. 'కొడుకు' అను: మూడూ టకటకా పోయాయి. ఇట్లాంటి అక్షరాల గుంపునే గణం అంటారు. ఈ రెండు రకాలే సూర్యగణాలు. గురువు ఒకటి లఘువు ఒకటి, లేకపోతే మూడు లఘువులు. అంతకన్నా ఏమీ లేదు. ఇంద్రగణాలు ఇంకొంచెం పొడుగ్గా ఉంటాయి, ఆరు రకాలు. 'ముసలమ్మ' ఒకటి, 'బస్సెక్కె' ఒకటి, 'చేతిలో' ఒకటి.

ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మూడోది మొదటిదానిలాగా, నాలుగోది రెండోదానిలాగా. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరానికి చుట్టం కావాలి. అదే యతి. నా పద్యంలో 'మూ'కు 'ము', 'కొ'కు 'కొం', 'చి'కి 'చే', 'త'కు 'త' చుట్టాలు. వేమన పద్యాలు చాలావరకు ఈ ఆటవెలదే కాబట్టి నీ చెవికి ఇది చిన్నప్పటి నుంచి తెలుసు, పేరే తెలియదు. పట్టిక ముందు పెట్టుకొని లెక్కపెట్టుకుంటూ రాయకు. పది వేమన పద్యాలు గట్టిగా చదువు, చెవి నిండాక రాయి, లెక్క తర్వాత చూసుకో.

మన ఇంటి మాటలు చూడు. బువ్వ, కూర, అంగి, గడప, చీర, తొవ్వ. అన్నీ సూర్యగణాలే. పాలమూరు లేబర్, అంటే మన మహబూబ్‌నగర్ వలస కూలీలు, దేశమంతా మోసుకపోయిన పనిముట్లు పలుగు, పార, తట్ట కూడా అవే. మన పనిలో, తిండిలో ఉన్న మాటలు ఆటవెలదిలో ఇంత చక్కగా కూచుంటుంటే, 'స్వేదబిందువు' కోసం నేను ఎందుకు పోయానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఛందస్సు నచ్చకపోతే వచనంలోనే రాయి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాక్యాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే కవిత కాదు. పంక్తి ఎక్కడ ఆపుతున్నావో అక్కడ ఊపిరి ఆగాలి. గట్టిగా చదువుకుంటే ఎక్కడ ఆపాలో నోరే చెప్తుంది.

రాయగానే గ్రూపుల్లో పెట్టకు. పది రోజులు ఆ పుస్తకంలోనే ఉండనియ్యి. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు ముప్పై వస్తాయి, వాటిలో ఒక్కటి కూడా నీకు 'స్వేదమా, చెమటనా' అని చెప్పదు. అచ్చు గురించి కూడా తొందర వద్దు. ఒకసారి నేను ఒక సంకలనానికి డబ్బులు కట్టి పద్యం పంపాను. పుస్తకం వచ్చాక చూస్తే రెండో పాదంలో ఒక అక్షరం పోయింది, గణం విరిగింది, నా ఇంటిపేరు కూడా తప్పు పడింది. సన్మానం అని పిలిచి శాలువా కప్పారు, ఆ పద్యాన్ని ఎవరూ చదవలేదు. రాత్రి చివరి బస్సులో ఇంటికి వస్తుంటే చాలా బాధైంది. డబ్బులు అడిగి అచ్చువేసేవాళ్ల జోలికి పోకు. మంచి పత్రికకు పంపు, తిరిగి వస్తే ఇంకోసారి చూసి మళ్లీ పంపు.

"మనలాంటోళ్ల కవిత్వం ఎవరికి కావాలి మామా" అని కూడా రాశావు. ఇది నువ్వు అనకూడని మాట. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి తిట్టుతో జవాబు ఇవ్వలేదు. గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు ఆయనది, అప్పటికే 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతూ వచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు! ఫోన్ లేదు, బస్సులు అంతంత మాత్రం, ఉర్దూ రాజ్యం. అయినా ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో కాగితాలు వచ్చి చేరాయి. ఆ పుస్తకం మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నేను ముందు ఊళ్ల పేర్లు వెతికాను. ఆ రోజుల్లో ఆ మనుషులు "నాది ఎవరికి కావాలి" అనుకొని కాగితం మడిచి పెట్టెలో పెట్టుకొని ఉంటే ఆ సంచిక ఎక్కడిది?

అచ్చుకు రాని కవులు ఇంకెంత మంది! మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఇసుర్రాయి దగ్గర కూచొని పాట కట్టేది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ 'ఉయ్యాలో' అనేలోపు తర్వాతి చరణం అల్లేది. ఆ ఏడు వాన రాకపోతే వాన పాటలోకి వచ్చేది, ఊళ్లో ఎవరి పెండ్లి ఆగినా అది పాటలోకి వచ్చేది. నేను ఒక్కటీ రాసిపెట్టుకోలేదు. చదువు వచ్చినవాణ్ణి, జేబులో పెన్ను ఉన్నవాణ్ణి, ఇంట్లో ఉన్న కవిని విడిచిపెట్టి ఎక్కడెక్కడో వెతికాను. ఆమె పోయి పదకొండేండ్లు. రెండు పాటలు సగం సగం గుర్తున్నాయి. ఈ బాధ నాకు ఎప్పటికీ తీరదు.

అందుకే నీకు ఒక పని అప్పజెప్తున్నాను. మీ ఇంట్లో మీ అత్తగారు బాగా పాడతారని మీ అమ్మ చెప్పింది. బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూలకు ఇంకా టైం ఉంది. ఇప్పటి నుంచే రోజుకు ఒక చరణం రాసుకో. ఎదురుగా పుస్తకం పట్టుకొని "పాడండి" అంటే ఆమెకు గుర్తుకు రాదు. కూరగాయలు తరిగేటప్పుడు పక్కన కూచొని నువ్వే తప్పుగా ఎత్తుకో, ఆమె సరిచేస్తారు. ఫోన్‌లో రికార్డు చేసినా చేతితో కూడా రాయి. రాస్తుంటేనే ఆమె ఏ మాట దగ్గర సాగదీస్తున్నారో, ఎక్కడ తుంచుతున్నారో నీ చేతికి తెలుస్తుంది. అత్తాకోడండ్ల మధ్య ఈ పని ఒకటి ఉంటే ఇంట్లో మిగతా మాటలు కూడా మెత్తబడతాయి, ఇది నేను చాలా ఇండ్లలో చూశాను.

పిల్లలకు స్నానం పోసేటప్పుడు ఒక పద్యం. చెంబుకు ఒక పాదం చొప్పున నాలుగు చెంబులు. పెద్దవాడికి పాదం మధ్యలో ఆపి మిగతాది చెప్పమను. బట్టీ పట్టించకు, మార్కులు వెయ్యకు. చుట్టాల ముందు నిలబెట్టి చదివించడం మాత్రం అస్సలు వద్దు. నాకు చిన్నప్పుడు పద్యం అంటే చెమటలు పట్టింది ఆ నిలబెట్టడం వల్లనే.

నేను ఇప్పుడు పొద్దున్నే పిల్లలమర్రి దిక్కు నడకకు పోతున్నాను. ఆ మర్రి కింద ఊడలు చూసుకుంటూ ఒక పద్యం మొదలుపెట్టాను, రెండో పాదం దగ్గర ఆగింది. అది కుదిరేదాకా నీకు చూపించను. నీకు మాత్రం సగం పాదం ఇస్తున్నాను. మూడు సూర్యగణాలు నేను పెట్టాను: "పలుగు పార తట్ట". తర్వాత రెండు ఇంద్రగణాలు నువ్వు పెట్టాలి. నాలుగో గణం 'ప'తో గానీ 'బ'తో గానీ మొదలైతే యతి కుదురుతుంది. ల్యాబ్‌కు నడిచేటప్పుడు నోట్లో వేసుకో.

ఆ తాత రిపోర్టు కోసం మళ్లీ వచ్చి ఉంటాడు కదా, ఏమన్నాడో అది కూడా రాసిపెట్టు. ఆదివారం పది దాటాక ఫోన్ చెయ్యి, నేను నడక నుంచి వచ్చి ఉంటాను. ముందు పాదం చెప్పు, తర్వాత మీ అత్తగారికి ఫోన్ ఇవ్వు.

ఇట్లు,
మీ మామ